పద్నాలుగంకెల నంబరు, ప్లాస్టిక్ కవరు

అనంతపురం పెద్దాసుపత్రి ఓపీ దగ్గర పొద్దున ఎనిమిదింటికి నిలబడి చూడండి. వచ్చేవాళ్ళలో చాలామంది చేతుల్లో ఒక బట్టల షాపు కవరు ఉంటుంది. అందులో బట్టలుండవు. ఓపీ చీటీలు, రక్తపరీక్ష కాగితాలు, మడవకూడదని తెలిసీ మడిచిపెట్టిన ఎక్స్‌రే ఫిల్ము, ఖాళీ అయిన మాత్రల అట్టలు ఉంటాయి. ఇంట్లో రేషన్ కార్డు, పట్టాదారు పాసుబుక్కు ఎక్కడ దాస్తారో ఈ కవరూ అక్కడే ఉంటుంది.

మా పెద్దమ్మ కవరు ఒకసారి మంచమ్మీద పరిచి చూశాను. పదకొండేళ్ళ చరిత్ర. ఈసీజీ కాగితం మన ఎండలకు తెల్లబోయింది. గీతలన్నీ పోయి, మీద కొట్టిన ఆసుపత్రి ముద్ర ఒక్కటే మిగిలింది. ఒకే ఏడాది రాసిన మూడు చీటీల్లో ఆమె వయసు 58, 61, 65. తేదీల వరసన సర్దుదామంటే సగం చీటీల్లో రోజూ నెలా ఉన్నాయి గానీ ఏడాది లేదు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఏ కాగితంలోనూ లేదు. ఆమెకు సల్ఫా మందు పడదు. "ఆ తెల్లబిళ్ళ మింగితే ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి నాయనా. చెప్తానే ఉండా, ఎవురు రాసుకుంటారు?" అంది. చెప్పిన చోట రాసుకోలేదు. ఇంకోచోట అదే మందు మళ్ళీ ఇచ్చారు. ఆ రెండో చోట కంప్యూటర్ ఉంది. దాంట్లోంచి వచ్చిన రసీదు మటుకు ఎంత చక్కగా ఉందో! పేరు, తేదీ, గంట, నిమిషం, రూపాయలు, పైసలు అన్నీ ఉన్నాయి.

మన ఆసుపత్రుల్లో కంప్యూటర్ ఎవరి కోసం పనిచేస్తోందో ఆ రసీదు చూస్తే తెలుస్తుంది. ఎలక్ట్రానిక్ రోగి రికార్డులకు ప్రమాణాలు కావాలని ఇరవై ఏళ్ళుగా వింటున్నాం. ప్రమాణాలు వచ్చాయి కూడా. అవి వచ్చాక కూడా కవరు ఎందుకు మాయం కాలేదన్నది అసలు ప్రశ్న. ఆ ప్రశ్న వేసుకోవడానికి అనంతపురం కన్నా మంచి చోటు దొరకదు.

ముందు ప్రమాణం అంటే ఏమిటో చూద్దాం. సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత, అది మొదట మాటల మీద కుదుర్చుకునే ఒప్పందం. శెనక్కాయ పీకే రోజుల్లో ఒక కూలి మనిషికి రక్తపింజరి కాటు పడిందనుకోండి. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకొస్తారు. అక్కడ చేయాల్సిన పని మన దేశపు చికిత్సా మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. గాజు గొట్టంలో కొద్దిగా రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచాలి. గడ్డకట్టకపోతే విషం రక్తంలో పనిచేస్తోందని అర్థం. వెంటనే ఎనిమిది నుంచి పది వయల్స్ విరుగుడు మందు (ఏఎస్‌వీ) ఎక్కించాలి. ఆరు గంటలకు మళ్ళీ రక్తం తీసి చూసి, అప్పటికీ గడ్డకట్టకపోతే మళ్ళీ ఎక్కించాలి. ఇంత ఖరీదైన గడియారం లెక్క నడుస్తుండగా రోగిని అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపిస్తారు. వెంట వచ్చే చీటీలో "పాముకాటు, ఏఎస్‌వీ ఇచ్చాం, పై చికిత్స కోసం పంపుతున్నాం" అని ఒక వాక్యం ఉంటే ఏం లాభం? ఎన్ని వయల్స్ ఇచ్చారు? రెండా, పదా? ఎన్నింటికి మొదలుపెట్టారు? గొట్టం పరీక్షలో ఏం తేలింది? కాటు వేసి ఎన్ని గంటలైంది? ఈ నాలుగూ తెలియకపోతే అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు మొదటికొచ్చి మళ్ళీ ప్రారంభించాలి, లేదా ఊహించుకోవాలి.

పాముకాటు రోగిని పంపేటప్పుడు ఈ నాలుగు సంగతులూ తప్పనిసరిగా, ఒకే వరుసలో, ఒకే కొలతల్లో ఉండాలనడమే ప్రమాణం. అది కాగితమ్మీద ఉన్నా ప్రమాణమే. చికిత్సలో పద్ధతి లేకుండా రికార్డులో పద్ధతి రాదు. పరీక్షే చేయని చోట పరీక్ష ఫలితానికి గడి పెడితే ఆ గడి ఖాళీగానే ఉంటుంది, లేదంటే అబద్ధంతో నిండుతుంది. అందుకే ఎలక్ట్రానిక్ రికార్డుల చర్చను చికిత్సా పద్ధతుల చర్చ నుంచి విడదీయడం కుదరదు. అమెరికన్ వైద్యుడు లారెన్స్ వీడ్ 1968లోనే ఈ మాట చెప్పాడు. డాక్టరు నోట్సును రోగి సమస్యల జాబితా చుట్టూ కట్టాలన్నాడు. రోగి చెప్పింది, డాక్టరు చూసింది, అనుకున్నది, చేయబోయేది అని ఈనాడు వైద్య విద్యార్థులు వరసగా రాసే నోట్సుకు మూలం అదే. అప్పటికి కంప్యూటర్లు గదంత ఉండేవి.

తర్వాత మాటల సంగతి. ఒకే జబ్బును ఒక డాక్టరు హైపర్‌టెన్షన్ అని, ఇంకొకరు హెచ్‌టీఎన్ అని, మూడోవారు హై బీపీ అని రాస్తారు. మనిషికి మూడూ ఒకటే. యంత్రానికి మూడూ వేరు. అందుకే జబ్బుల పేర్లకు ఐసీడీ, వైద్యంలో వాడే పదాలన్నిటికీ స్నోమెడ్, ల్యాబు పరీక్షలకు లాయింక్, స్కానింగు బొమ్మలకు డైకామ్ లాంటి ప్రమాణాలు పుట్టాయి. ఇవన్నీ డాక్టరు భాషకు. రోగి భాష సంగతి ఎవరూ పట్టించుకోరు. "వేడి చేసింది", "నిమ్ము చేరింది", "కాళ్ళు గుంజుతాండాయి" అని మనవాళ్ళు చెప్పేదాంట్లో చాలా సమాచారం ఉంటుంది. డాక్టరు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి రాసేటప్పుడు సగం ఒలికిపోతుంది. సంప్రదాయ వైద్యపు పదాలకు 2024 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11లో కొత్త విభాగమే తెచ్చింది. అందులోనూ మన వేడికి చోటు దొరకడం కష్టమే.

పేర్ల సంగతి ఇంకా గట్టిది. ఓబులేసు అనే పేరే తీసుకోండి, మన జిల్లాలో పిలిస్తే పదిమంది పలికే పేరు. ఓబులేశు, ఓబిలేసు, ఓబులేషు అని రాసేవాడి చేతిని బట్టి మారుతుంది. ఇంగ్లీషులో రాస్తే ఇంకా నాలుగు రకాలు. ఇంటిపేరు ముందా, వెనకా, అసలు లేదా అన్నది అప్లికేషను ఇష్టం. పుట్టిన తేదీ తెలియనివాళ్ళందరూ కాగితాల్లో జనవరి 1న పుడతారు. ఊరి పేరుకూ అదే గతి. కల్యాణదుర్గం, కళ్యాణదుర్గం, కల్యాణదుర్గ్ మూడూ ఒకటేనని మనకు తెలుసు. కేంద్ర ప్రభుత్వం ప్రతి ఊరికీ ఒక కోడు ఇచ్చి పెట్టింది. దాన్ని వాడితే గొడవే లేదు. ఇది చిన్న విషయం కాదు. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం ఈ జిల్లాలో 700 పైచిలుకు ఊళ్ళకు నీళ్ళు తెచ్చింది. ఆ నీళ్ళు వచ్చాక ఏ ఊళ్ళో ఫ్లోరోసిస్ తగ్గింది, ఏ ఊళ్ళో తగ్గలేదు అన్నది ఆసుపత్రి రికార్డుల్లోంచి తీయాలంటే ఊరి పేరు ముప్ఫై ఏళ్ళూ ఒక్కలా ఉండాలి.

ఇప్పుడు పేదల ఉచిత చికిత్స పథకం ఆరోగ్యశ్రీ దగ్గరికి వద్దాం. ఈ పథకం 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలైంది: మహబూబ్‌నగర్, శ్రీకాకుళం, అనంతపురం. మూడూ కరువు జిల్లాలుగానో వెనకబడ్డ జిల్లాలుగానో పేరుపడ్డవే. అప్పటిదాకా గుండె ఆపరేషను కావాలంటే ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకుని, ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరం పట్టుకుని హైదరాబాదు తిరగాల్సిందే. ఆరోగ్యశ్రీ ఆ అర్జీని కంప్యూటర్లోకి తెచ్చింది. తెల్లకార్డుతో వచ్చిన మనిషిని ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర పలకరిస్తాడు. వివరాలు ఎక్కిస్తాడు. ఎక్స్‌రే, యాంజియోగ్రాం, రక్తపరీక్షలు స్కాన్ చేసి ఆన్‌లైన్లో పెడతారు. అప్పట్లో హైదరాబాదులో కూర్చున్న డాక్టర్లు చూసి ముందస్తు అనుమతి ఇచ్చేవారు. ఆపరేషనయ్యాక రోగి ఫొటో, డిశ్చార్జి సమ్మరీ, క్లెయిము ఎక్కిస్తారు. మొదటి విడతలో బీమా కంపెనీగా ఉన్నది స్టార్ హెల్త్. తర్వాత ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా చూసుకుంది.

2007లో, స్మార్ట్‌ఫోను ఊళ్ళలోకి రాకముందే, ఉరవకొండ పక్క పల్లె మనిషికి ఎలక్ట్రానిక్ ఫైలు తయారైంది. దేశంలో చాలా రాష్ట్రాలు తర్వాత దీన్ని చూసి నేర్చుకున్నాయి. ఈ గొప్పతనం ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక ఇంకో మాట కూడా అనాలి. ఆ ఫైలు రోగి కోసం పుట్టలేదు, బిల్లు కోసం పుట్టింది. రాయించుకునేవాడు డబ్బిచ్చేవాడు గనుక డబ్బుకు కావలసిందే రాశారు. పథకంలోని చికిత్సలకు కోడ్లున్నాయి. ఒకప్పుడు 942 చికిత్సలు, 2022 నాటికి 3,257. అది ప్యాకేజీల జాబితా. ప్యాకేజీ కోడు చూస్తే ఏ ఆపరేషన్‌కు ఎంత ఇవ్వాలో తెలుస్తుంది. ఆ మనిషికి ఇంకా ఏ జబ్బులున్నాయి, ఏ మందు పడదు, ఇంటికెళ్ళాక ఏం మింగుతున్నాడు అన్నది తెలియదు. క్లెయిము చెల్లగానే ఫైలు పని అయిపోయింది. స్టెంటు వేయించుకున్న మనిషికి నాలుగేళ్ళకు మళ్ళీ ఛాతీలో నొప్పి వస్తే, కొత్త ఆసుపత్రి డాక్టరు పాత యాంజియోగ్రాం కోసం చూసేది కవరులోనే.

పేరు కూడా నిలవలేదు. 2014 తర్వాత ఎన్టీఆర్ వైద్యసేవ, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ వైద్యసేవ. బోర్డులు మారాయి, కార్డులు మారాయి, కార్డు మీద బొమ్మలు మారాయి. ప్రభుత్వం మారినా మారనిదాన్నే ప్రమాణం అంటారు.

ఊళ్ళోకి పోతే కథ వేరే రకం. ఊరి ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్ఎం చేతిలో ఒకప్పుడు రిజిస్టర్లు. గర్భిణులది ఒకటి, టీకాలది ఒకటి, జనన మరణాలది ఒకటి, ఇంకా ఎన్నో. వాటిని ట్యాబులోకి మార్చే అన్మోల్ అప్లికేషను 2016లో మన రాష్ట్రంలో మొదలైంది. బాగానే ఉంది. కానీ ఆ ట్యాబులోకి ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరాయి. క్షయకు నిక్షయ్, తల్లీబిడ్డలకు ఆర్‌సీహెచ్, బీపీ, షుగర్లకు ఎన్‌సీడీ పోర్టల్, వీడియోలో డాక్టరుతో మాట్లాడించడానికి ఈ-సంజీవని, టీకాలకు యూ-విన్. క్షయతో బాధపడుతూ బీపీ కూడా ఉన్న గర్భిణి ఒకామె ఉందనుకోండి. ఆమె మూడు పోర్టళ్ళలో ముగ్గురు మనుషులు. మూడుసార్లు పేరు, మూడుసార్లు ఆధార్, మూడుసార్లు ఓటీపీ. ఫోను మొగుడి దగ్గర ఉంటుంది, మొగుడు బెంగళూరులో ఉంటాడు. ఓటీపీ కోసం ఏఎన్ఎం అతనికి ఫోన్ చేస్తే ఎవరో మోసగాడనుకుని కట్ చేస్తాడు.

గుట్టల మధ్య తండాల్లో సిగ్నలు ఉండదు. అందుకని ఏఎన్ఎం ముందు చేతి పుస్తకంలో రాసుకుని, సాయంత్రం ఇంటికొచ్చాక ట్యాబులో ఎక్కిస్తుంది. రెండుసార్లు రాయాల్సిన పనిని మనిషి ఎలా చేస్తాడో అలాగే చేస్తుంది. బీపీ గడిలో వరసపెట్టి 120/80, 130/80 కనిపించడం ఈ రంగంలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన గుట్టు. దానికి ఏఎన్ఎంను తిట్టడం తేలిక. ఆమె రాసింది ఎవరైనా చదివి ఆమెకు తిరిగి ఏమైనా చెప్పారా అని అడిగితే ఎక్కువమంది దగ్గర సమాధానం ఉండదు. పైకి పోయే లెక్క ఎప్పుడూ కిందికి రాదు. 2023 ఏప్రిల్‌లో రాష్ట్రమంతా మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి, అంటే 104 బండిలో డాక్టరు నెలకు రెండుసార్లు ఊరి క్లినిక్కుకు రావడం, ఈ ముడి విప్పడానికి మంచి అవకాశం. అదే డాక్టరు అదే మనిషిని మళ్ళీ చూస్తే, పోయినసారి రాసింది తనకే అక్కరకొస్తుంది. తనకు అక్కరకొచ్చేదాన్ని ఎవరూ నిర్లక్ష్యంగా రాయరు. ఏ ప్రభుత్వం ఉన్నా ఈ ఒక్క ఆలోచనను మటుకు వదలకూడదనిపిస్తుంది.

దేశం స్థాయిలో కాగితాల పని తక్కువేమీ జరగలేదు. కేంద్ర ఆరోగ్యశాఖ ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలను 2013లో ప్రకటించి, 2016లో సవరించింది. 2014లో స్నోమెడ్ సంస్థలో భారతదేశం సభ్యదేశమైంది గనుక ఆ పదకోశం మన ఆసుపత్రులకు ఉచితం. పుణెలోని కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్‌లో ఈ ప్రమాణాల కోసమే ఒక జాతీయ కేంద్రం ఉంది. 2020 ఆగస్టు 15న ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో డిజిటల్ హెల్త్ మిషన్ మొదలై, 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ పేరుతో దేశమంతటికీ వచ్చింది. మనిషికొక పద్నాలుగంకెల ఆభా నంబరు, ఆసుపత్రికొక నంబరు, డాక్టరుకొక నంబరు. రికార్డులన్నీ ఢిల్లీలో ఒకచోట పోగుచేయరు. పుట్టిన ఆసుపత్రిలోనే ఉంటాయి. రోగి ఫోనులో సరేనంటే ఒకచోటి రికార్డు ఇంకోచోటికి వెళ్తుంది. ఆలోచన చక్కనిది. ఆసుపత్రుల మధ్య రికార్డు వెళ్ళే రూపానికి ఎఫ్‌హెచ్‌ఐఆర్ అనే అంతర్జాతీయ ప్రమాణం తీసుకున్నారు. మందుల చీటీకి, ల్యాబు రిపోర్టుకు, డిశ్చార్జి సమ్మరీకి, ఓపీ నోట్సుకు, టీకాల రికార్డుకు వేర్వేరు అచ్చులున్నాయి.

వీటితోపాటు ఇంకో అచ్చు ఉంది. స్కాన్ చేసిన ఏ కాగితాన్నైనా ఆరోగ్య పత్రం అని పెట్టి పంపే వీలది. పాత కాగితాలను వదులుకోకుండా ఉండటానికి పెట్టిన దయగల ఏర్పాటు. ఆ సందులోంచే మొత్తం బండి వెళ్ళిపోయే ప్రమాదం ఉంది. కెలికిన చేతిరాతను ఫొటో తీసి నంబరుకు అంటిస్తే లెక్కల్లో ఒక రికార్డు లింకైనట్టే. దాన్ని చదవడం డాక్టరుకూ కష్టమే, యంత్రానికీ కష్టమే. కవరు ఫోనులోకి మారిందంతే. 2025 నాటికి దేశంలో ఆభా నంబర్లు 70 కోట్లు దాటాయి. నంబర్లు ఇవ్వడంలో ఆంధ్రప్రదేశ్ ముందువరసలో ఉంది. ఓపీ దగ్గర క్యూఆర్ కోడు స్కాన్ చేస్తే లైను తగ్గడం నిజంగా మంచి పని. కానీ ఇచ్చిన నంబర్లు లెక్కపెట్టడం పాసుబుక్కులు పంచి పంట పండిందనడంలాంటిది. ఒక ఆసుపత్రి డాక్టరు ఇంకో ఆసుపత్రి రికార్డును ఎన్నిసార్లు తెరిచి చదివాడు? నా దృష్టిలో లెక్కపెట్టాల్సింది అదొక్కటే.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. 2010 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద వచ్చిన నియమాలు ఎలక్ట్రానిక్ రికార్డులు పెట్టాలంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఆసుపత్రులకు మాత్రం రాష్ట్రం 2002లో చేసుకున్న సొంత చట్టం ఉంది. అప్పటికి ఈ చర్చే లేదు.

ఇక అసలు సమస్య. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల ఇది. పడనప్పుడు జనం నిలవరు. కదిరి వైపు పల్లెల నుంచి బెంగళూరు కట్టడాలకు, కేరళకు వలసపోతారు. జబ్బులూ వాళ్ళతోనే పోతాయి. రాయదుర్గం మనిషికి అనంతపురం కంటే బళ్ళారి దగ్గర. హిందూపురం మనిషికి బెంగళూరు ఆసుపత్రులు వంద కిలోమీటర్లు. మడకశిరకు మూడు వైపులా కర్ణాటకే. గుండెకు జయదేవ, మెదడుకు నిమ్హాన్స్, క్యాన్సరుకు కిద్వాయ్ అన్నది ఇక్కడి జనం నోటిలెక్క. కర్నూలు, తిరుపతి, వేలూరు సరేసరి. రాష్ట్రం గీత దాటితే మన పథకం కార్డు చాలాచోట్ల చెల్లదు, మన రాష్ట్రపు సాఫ్ట్‌వేర్ అసలే తెరుచుకోదు. 2022 ఏప్రిల్ 4న జిల్లా కూడా రెండైంది. పుట్టపర్తి కేంద్రంగా శ్రీసత్యసాయి జిల్లా విడిపోయింది. కాబట్టి రాష్ట్రంలో ఎంత గొప్ప వ్యవస్థ కట్టుకున్నా అది రాష్ట్రంలోనే ఆగిపోతే అనంతపురం మనిషికి సగమే పనికొస్తుంది. నిలకడగా ఒకే ఊళ్ళో బతికే జిల్లాలకు ఉమ్మడి ప్రమాణం ఒక సౌకర్యం కావచ్చు, ఇక్కడ అది అవసరం. షుగరు మందు వాడుతున్న కూలి మనిషి ఆరు నెలలు యలహంకలో, ఆరు నెలలు తనకల్లులో ఉంటే, రెండుచోట్లా అతను కొత్త రోగే. ప్రతిసారీ పరీక్షలు మొదటి నుంచి. ఆ ఖర్చు ఏ బడ్జెట్ పద్దులోనూ కనపడదు.

మంచి రికార్డు ఎలా ఉంటుందో చూపించే ఉదాహరణలు దూరంగా లేవు. బత్తలపల్లిలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఆసుపత్రి ఉంది. విన్సెంట్ ఫెర్రర్, అన్నే ఫెర్రర్ 1969లో ఈ జిల్లాలో మొదలుపెట్టిన సంస్థ అది. ఆ ఆసుపత్రికి వచ్చిన హెచ్‌ఐవీ రోగుల వివరాలను ఒకే పద్ధతిలో ఏళ్ళ తరబడి నమోదు చేస్తూ వచ్చారు. డాక్టర్ గెరార్డో అల్వారెజ్-ఉరియా, ఆయన సహచరులు వాటి ఆధారంగా అంతర్జాతీయ పత్రికల్లో వరసగా పరిశోధన వ్యాసాలు ప్రచురించారు. ఎవరు చికిత్స మధ్యలో మానేస్తున్నారు, క్షయ ఎవరికి తగులుకుంటోంది, ఎవరు ఆలస్యంగా వస్తున్నారు అన్న ప్రశ్నలకు ఈ కరువుసీమ పల్లెల నుంచే జవాబులొచ్చాయి. ఖరీదైన యంత్రాలు తెచ్చిన ఫలితం కాదిది. అడిగిన ప్రశ్ననే అందరినీ అడిగారు, ప్రతిసారీ అడిగారు. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి 2010 దశకం మొదట్లో ఐస్మార్ట్ అనే రికార్డు వ్యవస్థను సొంతంగా కట్టుకుంది. హైదరాబాదు కేంద్రం నుంచి పల్లెల్లోని విజన్ సెంటర్ల దాకా లక్షలమంది కళ్ళ వివరాలు ఒకే అచ్చులో ఉన్నాయి. కంటి వైద్యానికి పదాల జాబితా చిన్నది, అది వాళ్ళకు కలిసొచ్చింది. జనరల్ మెడిసిన్‌కు ఆ సౌఖ్యం లేదు.

పుట్టపర్తి సంగతి ఇంకో రకంగా ఆలోచింపజేస్తుంది. 1991 నవంబరు 22న ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించిన సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో బిల్లింగ్ కౌంటరే లేదు. బిల్లే లేని చోట రోగి ఫైలులో ఏముండాలి? చికిత్సకు కావలసింది తప్ప ఇంకేమీ రాయనక్కర్లేదు. ప్రమాణాల కమిటీల్లో కూర్చునేవాళ్ళు ఈ ప్రశ్నతో మొదలుపెడితే గడులు సగానికి తగ్గుతాయి.

గోప్యత గురించి హెచ్‌ఐవీ రోగులకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఊళ్ళో తెలిస్తే పెళ్ళిళ్ళు ఆగిపోతాయి, కూలికి పిలవరు. అందుకే ఇక్కడి పేషంట్లు పక్క జిల్లాకు పోయి మందులు తెచ్చుకోవడం కొత్త కాదు. 2017లో వచ్చి 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం వాళ్ళ వివరాలు బయటపెట్టడాన్ని నిషేధించింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. రోగి అనుమతితోనే రికార్డు కదులుతుందని కొత్త వ్యవస్థ చెబుతోంది. కాగితమ్మీద అది నిజమే. చదువురాని మనిషి ఫోను తీసుకుని ఆపరేటరే ఓటీపీ చూసి, ఆపరేటరే సరే అని నొక్కితే అది ఎవరి అనుమతి? క్యూ పొడుగ్గా ఉంది, త్వరగా కానియ్ అంటారు. మనవాళ్ళు తలూపుతారు. వేలిముద్ర అలవాటైన చోట అనుమతికి అర్థం మళ్ళీ నేర్పాలి.

ప్రపంచంలో మనకు పాఠాలున్నాయి. ఇంగ్లండు 2002లో దేశమంతటికీ ఒకే ఎలక్ట్రానిక్ వ్యవస్థ అని మొదలుపెట్టి, వెయ్యి కోట్ల పౌండ్ల పైచిలుకు అంచనాలకు ఎక్కించి, 2011లో ఆ కార్యక్రమాన్ని రద్దు చేసుకుంది. పైనుంచి రుద్దితే డాక్టర్లు వాడరని తెలుసుకోవడానికి అంత ఖర్చయింది. ఎస్టోనియా 2008లో మొదలుపెట్టి నిలబెట్టింది. కానీ ఆ దేశం జనాభా 13 లక్షల చిల్లర. మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో 2011 లెక్కల ప్రకారమే 40 లక్షల 80 వేల మంది ఉన్నారు. నాకు వీటికన్నా దగ్గరగా తోచేది ఛత్తీస్‌గఢ్‌లోని గనియారి. అక్కడ జన్ స్వాస్థ్య సహయోగ్ అనే పల్లె ఆసుపత్రి అవసరాల్లోంచి బాహ్మ్‌నీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పుట్టింది. కెన్యాలో హెచ్‌ఐవీ క్లినిక్కులతో పెరిగిన ఓపెన్‌ఎంఆర్‌ఎస్ దానికి పునాది. ఇప్పుడు దాన్ని చాలా దేశాలు వాడుతున్నాయి. పేదల ఆసుపత్రి నుంచి ప్రమాణం పుట్టగలదని అది చెప్పింది.

మరి ఇక్కడ ఏం చేయాలి? నా అభిప్రాయంలో మొత్తం రికార్డును ఒక్కసారే ప్రమాణీకరించాలన్న ఆశ మానుకోవాలి. ఐదు సంగతులు చాలు: ఉన్న జబ్బులు, వాడుతున్న మందులు జనరిక్ పేర్లతో మోతాదుతో, పడని మందులు, జరిగిన ఆపరేషన్లు, చివరి ముఖ్యమైన పరీక్షల ఫలితాలు. ఈ ఐదూ కోడ్లతో, తేదీతో, ఏ ఆసుపత్రి నుంచైనా ఒకే అచ్చులో రావాలి. ఆభాకు ఎక్కాలి. దానితోపాటు తెలుగులో ఒక పేజీ, ఎండకు చెరిగిపోని సిరాతో అచ్చువేసి మనిషి చేతికివ్వాలి. ఫోను లేని ముసలామెకు, సిగ్నలు లేని తండాకు ఆ పేజీయే సర్వర్. అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల పెద్దాసుపత్రులు, బళ్ళారి, బెంగళూరుల్లో మనవాళ్ళు ఎక్కువగా పోయే ఐదారు ఆసుపత్రులు ఈ పేజీ వరకు ఒప్పుకుంటే చాలు. వైద్యసేవ పథకం డబ్బు చెల్లించేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ ఈ అచ్చులో ఉంటేనే క్లెయిము పాసవుతుందని ఒక్క షరతు పెడితే ప్రైవేటు ఆసుపత్రులు నెలలో నేర్చుకుంటాయి. బిల్లు కోసం పుట్టిన ఫైలును రోగి వైపు తిప్పడానికి బిల్లే గట్టి కర్ర.

ఇదంతా జరిగేదాకా కవరు పారేయకండి. పడని మందు పేరు డాక్టరు చేత పెద్దక్షరాల్లో రాయించి, ఆ కాగితాన్ని అన్నిటికన్నా పైన పెట్టండి. ఈసీజీ లాంటి కాగితాలు ఇచ్చిన రోజే ఫొటో తీసుకోండి, లేదా జిరాక్స్ తీయించండి. ఇంకో మాట. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం, ఆసుపత్రిలో చేరి చికిత్స పొందిన మనిషి రికార్డును మూడేళ్ళు భద్రపరచాలి. రోగి గానీ, రోగి అధికారమిచ్చిన మనిషి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. అడగండి. అడిగిన తేదీ, గంట ఒక కాగితమ్మీద రాసి, ఆసుపత్రివాళ్ళ చేత సంతకం పెట్టించుకోండి.